రెండుసార్లు లాగితే
కాలిమ్నోస్ దీవి, 1894, శరత్తు

అత్తా, ఆ కత్తెర పక్కన పెట్టి
ఒక్క మాట విను.

ఈ స్పాంజీల సంగతి నువ్వే చెప్పావు,
నేను కాపరానికొచ్చిన కొత్తలో.
కాళ్ళతో తొక్కి, కర్రతో బాది,
ఉప్పునీళ్ళలో జాడిస్తే గానీ
నల్లతోలు ఊడదని, తేనెరంగు తేలదని.
నాలుగేళ్ళుగా నా ఒంటిమీద నలుపు దిగలేదు.
దాని కింద నేనే రంగులో ఉన్నానో
నాకే గుర్తులేదు.

ఆ ఏడు ఈస్టర్ వెళ్ళిన వారానికి
పడవలు ఆఫ్రికా తీరానికి కదిలాయి.
పాంతెలిస్ నీ చెయ్యి ముద్దుపెట్టుకుని
నావైపు తిరిగి "ఏమీ కాదులే" అన్నాడు.
తొలివానలకి తిరిగొచ్చిన పడవలో
అతని చొక్కా వచ్చింది,
ముందే తీసుకున్న జీతం తాలూకు అప్పుకాగితం వచ్చింది.
ఒంటిని బెంగాజీ దగ్గర ఇసకలో పెట్టామన్నారు.

సకెల్లారిస్ మాత్రం తాడు తెచ్చాడు.

గుమ్మం దాటలేదు. టోపీ రెండు చేతుల్లో నలుపుతూ
"దీని ఈ కొస నా చేతిలో ఉంది" అన్నాడు.
నువ్వు తలుపేశావు.
మూడు వానలు మెట్టుమీదే తడిసింది తాడు.
మంచి తాడు, పారెయ్యడమెందుకని
నేనే దాన్ని దండెం కట్టాను.
మన నల్లగుడ్డలు దానిమీదే ఆరాయి, ఇన్నేళ్ళూ.

అతను మళ్ళీ సముద్రం మొహం చూడలేదు.
బరువు కోసం ఇసక కలపనన్నందుకు
రెండు కొట్లు వెళ్ళగొట్టాయట.
మూడో కొట్టులో తక్కెడ పట్టుకున్నాడు,
మనం కత్తిరించిన సరుకు తూచేది అక్కడే.
మొన్న అడిగేశాను:
"చివరికి ఎన్నిసార్లు లాగాడు?"

"ఒక్కసారి."

ఒకసారి లాగితే, బాగున్నానని.
రెండుసార్లు లాగితే, పైకి తియ్యమని.
"నమ్మాను" అన్నాడు. "ఇసకగడియారం తిరగేశాను.
ఇంకా నమ్ముతూనే ఉన్నాను."

నాకు నవ్వొచ్చింది అత్తా. తప్పే, కానీ వచ్చింది.
జ్వరంతో కాగిపోతూ బాగున్నానన్న మనిషి,
పన్ను పీకించుకుని నోటినిండా నెత్తురుతో
బాగున్నానన్న మనిషి,
ఇత్తడి బుర్ర తగిలించుకుని
అంత లోతులో నిజం చెబుతాడా?
నేను నవ్వుతుంటే సకెల్లారిస్ ఏడ్చాడు.
కాసేపటికి ఇద్దరం తారుమారయ్యాం.
మా మధ్య తక్కెడ ఊగుతూనే ఉంది, ఖాళీగా.

జరిగింది అంతే.
కాదు, ఇంకోటి. మర్నాడు దానిమ్మపండు కోసి
పెద్ద చెక్క నీకిమ్మన్నాడు.
నువ్వు ముట్టుకోలేదు.
అర్ధరాత్రి లేచి చూస్తే పళ్ళెంలో తొక్కే ఉంది.

ఊరికి నోరుంది, తెలుసు.
కొళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు నిండినా కదలరు.
పాంతెలిస్ పేర ఏటేటా గోధుమలు ఉడికించి
గుడిలో పంచాను. ఇకమీదా పంచుతాను.
ఈసారి అందులో కలిపే దానిమ్మ గింజలు
ఎవరి చెట్టువని అతను అడుగుతాడా?
అడగడు. నవ్వుతాడు. బాగున్నాను, బాగుంది అంటాడు.

నాకు ముప్పైకి మూడు తక్కువ.
ఇన్నాళ్ళూ ఎవరు పలకరించినా
నేనూ ఒక్కసారే లాగాను.
నువ్వూ అంతే. గోడకి ఆ వైపున
దిండులో మొహం పెట్టి నువ్వు చేసే చప్పుడు
నేను విననట్టే పడుకున్నాను.

నిన్న సాయంత్రం దండెం మేకు ఊడింది.
సందులోంచి పోతున్నవాడు ఆగి,
గోడ అవతల కొస పట్టుకుని కట్టబోయాడు.
ఇవతల నేను, తడి దుప్పటి భుజాన వేసుకుని.
మళ్ళీ అదే తాడు, అదే చేతిలో అదే కొస.

లాగాను.
నీ కిటికీ వైపు చూశాను. దీపం వెలిగించలేదు నువ్వు,
కానీ తెర కదిలింది.

ఇంకోసారి లాగాను.

సరే, కత్తెర తీసుకో అత్తా.
చీకటి పడుతోంది, ఇంకా ఏడు స్పాంజీలున్నాయి.